సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు: ఈసీయూ పోయిందని తేల్చే ముందు

నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజను బాగానే తిరుగుతోంది, అందుకోవడం మాత్రం లేదు. స్కానర్ పెడితే ఇంజన్ ఈసీయూ, అంటే ఇంజనును నడిపించే కంప్యూటరు, పలకడం లేదు. ఈ మూడూ కలిసొస్తే చాలాచోట్ల వెంటనే వినిపించే తీర్పు ఒకటే: "ఈసీఎం పోయింది సార్, మార్చాలి." ఈసీఎం అన్నా ఈసీయూనే. ఐదంకెల బిల్లు ఆ మాటతోనే మొదలవుతుంది.

పై లక్షణాలను బట్టి తెలిసేది ఈసీయూ పని చేయడం లేదని మాత్రమే. అది కాలిపోయిందని కాదు. కరెంటు అందకపోయినా, ఎర్తు వదులైనా, ఎక్కడో ఒక సెన్సర్ షార్ట్ అయి సెన్సర్లన్నిటికీ వెళ్లే 5 వోల్టుల లైనును పడగొట్టినా బయటికి అచ్చం ఇలాగే కనిపిస్తుంది. ఈసీయూ లోపల నిజంగా చెడిపోవడం ఉంటుంది కానీ, అది మిగతావన్నీ కొట్టేశాక మిగలాల్సిన అనుమానం. ఇక్కడ నాలుగు సిలిండర్ల పెట్రోల్ బండిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. డీజిల్‌లో తేడా ఉన్నచోట చెబుతాను.

కావలసినవి తక్కువే. మంచి డిజిటల్ మల్టీమీటర్, రెండు వైర్లు సోల్డర్ చేసిన 21 వాట్ల బ్రేక్ బల్బు ఒకటి, 5 వాట్ల పార్కింగ్ బల్బు ఒకటి, కప్లర్ వెనక నుంచి దూర్చడానికి సన్నటి పిన్నులు, స్కానర్, ఆ మోడల్ వైరింగ్ డయాగ్రాం. చివరిది లేకపోతే ఈసీయూ కప్లర్ జోలికి పోకండి. వందకు పైగా పిన్నులున్న చోట అంచనా మీద మీటరు పెట్టడం మొదలుపెడితే, అప్పటిదాకా బాగున్నది కూడా పోతుంది.

తాళం ఆన్ చేసి ఒక్క నిమిషం

సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్‌లో పెట్టి చూడండి, వినండి. చెక్ ఇంజన్ లైటు వెలగాలి. వెనక సీటు కింద ఫ్యూయల్ పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మని ఆగాలి. బానెట్ కింద మెయిన్ రిలే, అంటే ఈసీయూకు అసలు కరెంటును కలిపే స్విచ్చు, టక్‌మనాలి. పంపును ఆడించేది ఈసీయూనే కాబట్టి, ఆ గుయ్‌మనే చప్పుడు వినిపించిందంటే ఈసీయూకు ప్రాణం ఉంది. అప్పుడు మీరు వెతకాల్సింది ఇంజను తిరిగే వేగాన్ని చెప్పే క్రాంక్ సెన్సర్, దొంగ తాళాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ వైపు.

చెక్ ఇంజన్ లైటును మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. పాత బండ్లలో ఆ లైటును ఈసీయూ నేరుగా వెలిగించేది. ఇప్పటి బండ్లలో మీటర్ క్లస్టర్ వెలిగిస్తుంది. ఈసీయూ నుంచి ఏ మెసేజీ రాకపోతే కొన్ని క్లస్టర్లు లైటు ఆర్పేస్తాయి, కొన్ని వెలిగించే ఉంచుతాయి. మీ మోడల్ ఏ రకమో తెలియకుండా ఆ లైటు మీద తీర్పు ఇవ్వకూడదు.

డ్యాష్‌బోర్డులో తాళం బొమ్మ లైటు గబగబా ఆరి వెలుగుతుంటే అది ఇమ్మొబిలైజర్ సంగతి. తాళంలోని చిప్‌ను బండి గుర్తుపట్టడం లేదు. అప్పుడు ఈసీయూ స్కానర్‌తో మాట్లాడుతుంది, కానీ పెట్రోల్ ఇవ్వదు. రెండో తాళంతో ఒకసారి చూసి ముందుకెళ్లండి.

స్కానర్ కనెక్ట్ అవుతూ, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్ ఆర్పీఎం సున్నా దగ్గరే ఉండిపోతే క్రాంక్ సెన్సర్. వేడి మీద ఆగిపోయి, అరగంట చల్లబడ్డాక మామూలుగా స్టార్టయ్యే బండ్లలో మొదట చూడాల్సింది కూడా ఇదే. రెండు వైర్ల మ్యాగ్నెటిక్ రకం అయితే వేడిగా ఉన్నప్పుడే రెసిస్టెన్స్ కొలవాలి. చాలావాటిలో కొన్ని వందల ఓంల నుంచి వెయ్యి ఓంల పైచిలుకు ఉంటుంది, లోపల కాయిల్ తెగితే మీటరు ఏమీ చూపదు. చల్లబడ్డాక కొలిస్తే తెగిన కాయిల్ మళ్లీ అతుక్కుని బాగానే ఉన్నట్టు నటిస్తుంది.

స్కానర్ ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు

స్కానర్ అసలు వెలగకపోతే ఈసీయూను తలచుకోవడం కూడా దండగ. స్కానర్ తగిలించే ఓబీడీ కప్లర్‌లో 16వ పిన్నుకు ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉండాలి, 4, 5 పిన్నులు ఎర్తు. 16వ పిన్ను ఫ్యూజు చాలా బండ్లలో హారన్‌కో, లోపలి లైటుకో, సిగరెట్ లైటర్ సాకెట్‌కో ఉమ్మడిగా ఉంటుంది. మొబైల్ చార్జర్ షార్ట్ అయి ఆ ఫ్యూజు ఎగిరిపోతే స్కానర్ చప్పుడు చేయదు, నింద ఈసీయూ మీద పడుతుంది.

స్కానర్ వెలిగి, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, బాడీ కంట్రోల్ మాడ్యూల్ అన్నీ పలుకుతూ ఇంజన్ ఒక్కటే పలకకపోతే అది విలువైన సమాచారం. మిగతా మాడ్యూళ్లలో యూ0100 అనే లోపం కోడ్ ఉందేమో చూడండి. ఇంజన్ ఈసీయూతో సంబంధం తెగిందని అవి చెబుతున్నాయన్నమాట. ఆ మాడ్యూళ్లు కూడా అదే లైను మీద ఉన్నాయంటే, మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఆ క్యాన్ లైను చాలావరకు బాగుంది. ఈసీయూకు కరెంటో, ఎర్తో అందడం లేదు, లేదా దాని దగ్గరికి వెళ్లే కొమ్మ వైరు తెగింది, లేదా అదే పోయింది. ఈ పరీక్షకు అన్ని మాడ్యూళ్లనూ చదవగలిగే స్కానర్ కావాలి. చవకరకం ఈఎల్‌ఎం 327 స్కానర్ నకళ్లు సాధారణంగా ఇంజన్ కోడ్‌ల వరకే పనికొస్తాయి.

ఆగి ఆగి కనెక్ట్ అవుతున్న ఈసీయూలో పీ0601 నుంచి పీ0606 వరకు ఏదైనా కోడ్ కనిపిస్తే చాలామంది "ఇంకేముంది, ఈసీయూ లోపలి కోడే కదా" అంటారు. తొందరపడొద్దు. వాటితో పాటు పీ0562 ఉంటే, అంటే సిస్టమ్ వోల్టేజీ తక్కువ అన్న కోడ్ ఉంటే, ముందు బ్యాటరీని, కరెంటు దారిని చూడాలి. మెమరీ రాస్తుండగా కరెంటు పడిపోయినా పీ0603 లాంటివి వస్తాయి. పీ0685 కనిపిస్తే మెయిన్ రిలే కంట్రోల్ సర్క్యూట్. పీ0641, పీ0651 అయితే 5 వోల్టుల లైను.

కరెంటు దారి, మెయిన్ రిలే

ఎక్కువ కేసులు తేలేది ఇక్కడే. కాబట్టి ఇక్కడ తీరిగ్గా కూర్చోవాలి.

ఈసీయూకు సాధారణంగా మూడు దారుల్లో కరెంటు వస్తుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా ఎప్పుడూ ఉండేది ఒకటి. తాళం ఆన్ చేస్తే వచ్చే సన్న వైరు రెండోది. అది "లే, పని మొదలుపెట్టు" అని చెప్పే సంకేతం మాత్రమే. ఆ సంకేతం అందగానే ఈసీయూ మెయిన్ రిలే కాయిల్‌ను ఎర్తు చేస్తుంది, రిలే పడుతుంది, అంటే లోపలి కాంటాక్ట్ కలుస్తుంది, దాని 87వ పిన్ను నుంచి అసలు కరెంటు ఈసీయూకు, ఇంజెక్టర్లకు, ఇగ్నిషన్ కాయిళ్లకు వస్తుంది. అది మూడోది. కొన్ని మోడళ్లలో రిలేను తాళమే నేరుగా పడేస్తుంది, డయాగ్రాంలో చూసుకోండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈసీయూ మూగబోతుంది.

ముందు బ్యాటరీ. తాళం తీసేసి కాసేపయ్యాక 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే ఆ బ్యాటరీతో ఏ పరీక్ష చేసినా ఫలితం నమ్మలేం. సంగతి తేల్చుకోవడానికి మరో మంచి బ్యాటరీ పెట్టి చూడండి.

ఫ్యూజులను కంటితో చూసి బాగున్నాయనుకోవద్దు. పైనుంచి చూస్తే తీగ అతుక్కునే కనిపిస్తుంది, కాలు దగ్గర వెంట్రుకవాసి పగులు ఉంటుంది. ఫ్యూజు సాకెట్‌లో ఉండగానే, తాళం ఆన్‌లో, పైన కనిపించే రెండు చుక్కల మీదా మీటరు పెట్టి ఎర్తుకు కొలవండి. రెండు వైపులా 12 ఉండాలి. ఒకవైపే ఉంటే ఫ్యూజు పోయినట్టే.

ఇప్పుడు బల్బు పని. ఈసీయూ కప్లర్‌లో మీటరు పెట్టి "12.6 వస్తోంది, కరెంటు బాగానే ఉంది" అనుకోవడం ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద ఉచ్చు. మీటరు లాగే కరెంటు లేనట్టే లెక్క. వైరులో పోగులన్నీ చిలుము పట్టి తెగిపోయి ఒక్క పోగు మిగిలినా అది నిండు 12.6 చూపిస్తుంది. అదే దారిలో అర ఓం రెసిస్టెన్స్ ఉందనుకోండి. 21 వాట్ల బల్బు సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది, అక్కడే దాదాపు 0.9 వోల్టు పోతుంది. కాయిళ్లు, ఇంజెక్టర్లు కలిసి 8 ఆంపియర్లు లాగితే 4 వోల్టులు దారిలోనే ఆవిరి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 10కి పడితే ఈసీయూకు మిగిలేది 6. చాలా ఈసీయూలు రీసెట్ అయ్యేది ఆ చుట్టుపక్కలే.

అందుకే తాళం తీసి, రెండు మూడు నిమిషాలు ఆగి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీయూ కప్లర్ విప్పండి. ఆగమనడానికి కారణం ఉంది. తాళం తీశాక కూడా ఈసీయూ మెయిన్ రిలేను కాసేపు పట్టి ఉంచి నేర్చుకున్న విలువలను మెమరీలో రాసుకుంటుంది. ఆ మధ్యలో కరెంటు లాగేయకూడదు. కప్లర్ విప్పాక బ్యాటరీ మళ్లీ కలిపి తాళం ఆన్ చేయండి. డయాగ్రాం ప్రకారం పర్మనెంట్ కరెంటు పిన్నుకు, ఎర్తు పిన్నుకు మధ్య 21 వాట్ల బల్బు పెట్టండి. తెల్లగా, నిండుగా వెలగాలి. ఇగ్నిషన్ సంకేతం వైరుకు 5 వాట్ల బల్బు చాలు. మెయిన్ రిలే పిన్నులకు మాత్రం కరెంటు రాదు, ఎందుకంటే రిలేను పడేయాల్సిన ఈసీయూ మీ చేతిలో ఉంది. రిలే కంట్రోల్ పిన్నును ఫ్యూజున్న జంపర్ వైరుతో మీరే ఎర్తు చేయండి. రిలే టక్‌మనాలి, ఆ పిన్నుల దగ్గర బల్బు నిండుగా వెలగాలి.

బల్బు వెలుగుతుండగానే మీటరు ఎర్ర లీడు బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల లీడు కప్లర్‌లో బల్బు తగిలించిన పాజిటివ్ పిన్ను మీద పెట్టండి. ఎంత చూపిస్తే అంత దారిలో పోతోంది. 0.2 వోల్టు వరకు ఫర్వాలేదు, అర వోల్టు దాటితే రోగం దొరికినట్టే. ఫ్యూజు దాటాక ఒకసారి, రిలే దాటాక ఒకసారి ఇలా అంచెలంచెలుగా కొలుచుకుంటూ వస్తే ఎక్కడ పోతోందో అదే బయటపడుతుంది.

రిలే సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. టక్‌మంటే రిలే బాగున్నట్టు కాదు. టక్‌మనేది కాయిల్, కరెంటు మోసేది కాంటాక్ట్. మూత ఊడదీసి చూస్తే ఒక్కోసారి కాంటాక్ట్ బొడిపె నల్లగా మాడి, మధ్యలో చిన్న గుంట పడి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు తాకుతుంది, ఇంజన్ వేడికి దూరం జరుగుతుంది. 85, 86 పిన్నుల మధ్య కాయిల్ సుమారు 70 నుంచి 100 ఓంలు ఉండాలి, కాంటాక్ట్‌ను మాత్రం బల్బు పెట్టి, కరెంటు వచ్చే 30, బయటికి వెళ్లే 87 పిన్నుల మధ్య వోల్టేజీ డ్రాప్‌తోనే తేల్చాలి. కొత్త రిలే పెట్టాక కూడా సమస్య పోకపోతే సాకెట్ కింద చూడండి. ఆడ టెర్మినల్ సాగిపోయి రిలే కాలు వదులుగా ఊగుతుంటుంది. పక్కన ప్లాస్టిక్ కాస్త గోధుమరంగులోకి మారి ఉంటే అది వేడెక్కిన గుర్తు.

ఈసీయూ కప్లర్ రంధ్రాల్లోకి ముందునుంచి మీటరు ముల్లు గుచ్చడం మాత్రం చేయొద్దు. ఆ సన్న టెర్మినల్ నోరు తెరుచుకుంటే, లేని కొత్త సమస్యను మీరే పుట్టించినట్టు. అదే కొలత ఉన్న మగ పిన్నును జంపర్‌కు తగిలించుకుని వాడండి. వైరు తొడుగును సూదితో పొడవడం కూడా అంతే, వానాకాలం వచ్చేసరికి ఆ రంధ్రం దగ్గరే చిలుము పుడుతుంది.

ఎర్తు

ఇదీ కరెంటు దారే, కాకపోతే తిరుగు దారి. ఇంజన్ బ్లాకు నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు వెళ్లే పట్టీలు, ఇన్లెట్ మ్యానిఫోల్డ్ మీదో ఫెండర్ లోపలో ఉండే ఈసీయూ ఎర్తు బోల్టు చూడండి. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, ఈసీయూ ఎర్తు పిన్నుకు మధ్య కొలిస్తే 0.1 వోల్టు లోపు ఉండటం మంచిది. పోస్టు అంటే సీసపు మొన, క్లాంపు కాదు. క్లాంపు మీద పెడితే క్లాంపుకు పోస్టుకు మధ్య ఉన్న తెల్ల పొర మీ కొలతలోకి రాదు. క్లచ్, గేర్‌బాక్స్ పని చేయించిన వెంటనే మొదలైన సమస్యల్లో చాలాసార్లు ఎర్తు బోల్టు బిగించడం మర్చిపోయి ఉంటారు, లేదా పెయింటు మీద బిగించి ఉంటారు.

5 వోల్టులు పడిపోతే

ఈసీయూ తనకొచ్చిన 12 నుంచి లోపల 5 వోల్టులు తయారుచేసి సెన్సర్లకు ఇస్తుంది. ఇన్లెట్ మ్యానిఫోల్డ్ ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్, త్రాటిల్ పొజిషన్, యాక్సిలరేటర్ పెడల్, హాల్ రకం క్యామ్, క్రాంక్ సెన్సర్లు కొన్ని, డీజిల్‌లో రెయిల్ ప్రెషర్ సెన్సర్ ఈ లైను మీదే బతుకుతాయి. వీటిలో ఒకటి లోపల షార్ట్ అయితే అందరి లైనూ పడుతుంది. చాలా ఈసీయూలు ఈ లైనును రెండు మూడుగా విడదీసి కాపాడుకుంటాయి కానీ, కొన్నిట్లో మొత్తం ఈసీయూనే మూగబోయి స్కానర్‌కు పలకదు. అచ్చంగా చచ్చిపోయిన ఈసీయూ లాగే.

పరీక్ష తేలిక. అన్నీ కలిపి ఉంచి, తాళం ఆన్ చేసి, మ్యాప్ సెన్సర్ కప్లర్ వెనక నుంచి సప్లై వైరు మీద కొలవండి. 4.9 నుంచి 5.1 మధ్య ఉండాలి. సున్నాకో, ఒకటికో పడి ఉంటే మీటరును అలాగే ఉంచి సెన్సర్లను ఒక్కొక్కటిగా విప్పండి. ఏది విప్పగానే అంకె 5కి ఎగబాకుతుందో అదే దొంగ. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఏసీ ప్రెషర్ సెన్సర్‌ను. ఏసీకి ఇంజన్ స్టార్టింగుకు ఏం సంబంధం అనిపిస్తుంది. కానీ మూడు వైర్ల ఏసీ ప్రెషర్ సెన్సర్ చాలా బండ్లలో ఇదే 5 వోల్టులు పంచుకుంటుంది. పైగా అది ఉండేది ముందు బంపర్ వెనక, కండెన్సర్ పక్కన. చిన్న గుద్దు చాలు, వానలో ఒక్క నీటి గుంట చాలు.

అన్ని సెన్సర్లూ విప్పినా 5 రాలేదా? బ్యాటరీ తీసి, ఈసీయూ కప్లర్ కూడా విప్పి, ఆ సప్లై వైరుకు ఎర్తుకు మధ్య ఓంలలో కొలవండి. షార్ట్ కనిపిస్తే వైరింగ్‌లో ఉంది. వైరు శుభ్రంగా ఉండి, కరెంటూ ఎర్తూ పక్కాగా ఉన్నాయని పైన తేలి ఉంటే, అప్పుడు ఈసీయూ లోపలి రెగ్యులేటర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. లైను మీద 5కు బదులు 12 కనిపిస్తే ఎక్కడో రెండు వైర్లు రాసుకుని అతుక్కున్నాయి. వెంటనే తాళం తీసేయండి.

చిటికెలో అయ్యే పరీక్ష ఇంకొకటి ఉంది. రెండు వైర్ల కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ కప్లర్ విప్పి, తాళం ఆన్ చేసి, కప్లర్ రెండు వైర్ల మధ్య కొలవండి. ఇది పైన చెప్పిన సప్లై లైను కాదు, ఈసీయూ లోపల ఒక రెసిస్టర్ గుండా వచ్చే వోల్టేజీ. దాదాపు 5 కనిపిస్తే ఈసీయూకు కరెంటు అందుతోంది, లోపలి రెగ్యులేటరూ పని చేస్తోంది. బానెట్ ఎత్తిన రెండు నిమిషాల్లో సగం అనుమానాలు తీరతాయి.

క్యాన్ లైను

బ్యాటరీ నెగటివ్ తీసి, ఓబీడీ కప్లర్ 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. 60 ఓంల దగ్గర ఉండాలి, రెండు చివర్లా ఒక్కో 120 ఓంల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి. 120 చూపిస్తే ఒక చివర తెగింది. చాలా బండ్లలో ఆ చివర ఇంజన్ ఈసీయూలోనే ఉంటుంది. సున్నా దగ్గరుంటే రెండు వైర్లూ కలిసిపోయాయి. తాళం ఆన్‌లో 6వ పిన్ను ఎర్తుకు 2.6 చుట్టూ, 14వది 2.4 చుట్టూ ఉండాలి. రెండూ కూడితే 5 దగ్గరికి రావాలి. కొత్త బండ్లలో మధ్యలో లైన్లను వేరుచేసే గేట్‌వే ఉంటే ఓబీడీ దగ్గర మీరు చూసేది గేట్‌వే వరకు ఉన్న ముక్కనే, అప్పుడు ఈసీయూ కప్లర్ దగ్గరే కొలవాలి. పాతవాటిలో క్యాన్‌కు బదులు 7వ పిన్ను మీద ఒకే వైరు ఉన్న కే లైను ఉంటుంది.

లైను షార్ట్ అయి ఉంటే కంపెనీ మాడ్యూళ్లకన్నా ముందు బయట బిగించినవి విప్పండి: స్టీరియో, అలారం, రివర్స్ కెమెరా, ట్యాక్సీ ప్లేటు బండ్లలో జీపీఎస్ ట్రాకర్. సీఎన్‌జీ కిట్ ఉన్న బండ్లలో ఇంకో తలనొప్పి, ప్రతి ఇంజెక్టర్ వైరునూ కత్తిరించి కిట్ హార్నెస్ గుండా తిప్పి ఉంటారు. ఆ కప్లర్‌లో చిలుము పడితే ఈసీయూ చక్కగా పని చేస్తున్నా ఇంజెక్టర్లకు సంకేతం చేరదు.

ఎలుకలు, నీళ్లు

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వారం పది రోజులు కదలని బండి అయితే పరీక్షలకు ముందే ఇంజన్ కవర్ ఎత్తి చూడండి. స్కానర్లు, మీటర్లు, డయాగ్రాంలతో సగం రోజు కుస్తీ పట్టి, చివరికి ఇన్సులేషన్ కొరికిన ఒక్క వైరు దగ్గర తేలడం అక్షరాలా కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. ఇన్లెట్ మ్యానిఫోల్డ్ కింద, బ్యాటరీ ట్రే కింద, ఫైర్‌వాల్ దగ్గర హార్నెస్ వంపు తిరిగే చోట వెతకాలి. కొరికిన వైరును టేపు చుట్టి వదిలేయకుండా సోల్డర్ చేసి, జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి.

నీళ్లు ఎలుకల కన్నా ప్రమాదం. వేడిగా ఉన్న ఈసీయూ డబ్బా మీద సర్వీసింగులో ప్రెషర్ నీళ్లు పడితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, ఆ లాగుడుకు సీలు పక్కనుంచి తేమ లోపలికి వెళుతుంది. వైరు తొడుగు లోపల పోగుల వెంట కూడా నీళ్లు, ఒక్కోసారి లీకైన సెన్సర్ నుంచి ఇంజన్ ఆయిలు, పాక్కుంటూ కప్లర్ దాకా వస్తాయి. కప్లర్ విప్పినప్పుడు పిన్నుల మధ్య ఆకుపచ్చ పొడి ఉన్నా, ఆయిలు తడి ఉన్నా అది ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టకుండా శుభ్రం చేసి పెట్టేస్తే మళ్లీ అదే కథ.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన బండ్ల లాంటి పరిస్థితి అయితే ఒక్కటే నియమం: తాళం పెట్టొద్దు, సెల్ఫ్ కొట్టొద్దు, ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. తడిసిన సర్క్యూట్ బోర్డును వెంటనే చంపేది నీళ్లు కాదు, నీళ్లలో కరెంటు. కరెంటు ఉన్న పిన్నుల దగ్గర రాగి కరిగిపోతుంది. డ్యాష్‌బోర్డు కింద, కాళ్ల దగ్గర ఈసీయూ ఉన్న మోడళ్లలో కార్పెట్ తడిసిందంటే డబ్బా విప్పి చూడాల్సిందే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి.

నిజంగానే ఈసీయూ పోతే

కరెంటు, ఎర్తు, 5 వోల్టుల లైను, క్యాన్ అన్నీ నిక్కచ్చిగా ఉండి కూడా పలకకపోతే, అప్పుడు విప్పి టేబుల్ మీద పెట్టండి. కరెంట్ లిమిట్ ఉన్న పవర్ సప్లైని 13 వోల్టులకు, 1 ఆంపియర్‌కు కుదించి, పర్మనెంట్, ఇగ్నిషన్, మెయిన్ రిలే పిన్నులకు ప్లస్, ఎర్తు పిన్నులన్నిటికీ మైనస్ ఇవ్వండి. స్కానర్‌ను క్యాన్ పిన్నులకు కలిపి, చివర 120 ఓంల రెసిస్టర్ పెట్టండి. టేబుల్ మీద పలికితే ఈసీయూ బతికే ఉంది, మళ్లీ బండి వైరింగ్‌కు వెళ్లండి. పలకకుండా కరెంటు లిమిట్‌కు తగిలితే లోపల షార్ట్. అసలేమీ లాగకపోతే ఇన్‌పుట్ దారి తెగింది.

బాగా కనిపించే ఒక లక్షణం: ఈసీయూ కలిపితేనే ఫ్యూజు ఎగురుతుంది, విప్పితే నిలుస్తుంది. జంప్ స్టార్ట్‌లో ప్లస్ మైనస్ తారుమారైన తర్వాత ఇలా జరిగితే లోపలి రక్షణ డయోడ్ షార్ట్ అయి ఉండే అవకాశం ఎక్కువ. తన ప్రాణమిచ్చి మిగతా బోర్డును కాపాడే భాగం అది. అదొక్కటే మారిస్తే చాలాసార్లు బోర్డు లేచి కూర్చుంటుంది, కొత్త ఈసీయూ అక్కర్లేదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ క్లాంపు ఊడిపోవడం, "ఆల్టర్నేటర్ బాగుందో లేదో చూద్దాం" అని క్లాంపు ఊడదీయడం ఇంకా ఘోరం. ఆ క్షణంలో రక్షణ లేని ఆల్టర్నేటర్ నుంచి 80 వోల్టుల పైకి కూడా దూకవచ్చు. బ్యాటరీ విప్పకుండా బాడీకి వెల్డింగ్ కొట్టడం కూడా ఈ కోవలోదే.

ఇంకొకటి కాయిళ్లను, ఇంజెక్టర్లను ఆడించే డ్రైవర్ ట్రాన్సిస్టర్లు కాలడం. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ బయటే ఉంటుంది. రెండు వైర్ల ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ సాధారణంగా అర ఓం నుంచి ఒక ఓం చుట్టూ, పెట్రోల్ పోర్ట్ ఇంజెక్టర్ 12 నుంచి 16 ఓంలు ఉంటుంది. షార్ట్ అయిన కాయిల్‌ను అలాగే ఉంచి కొత్త ఈసీయూ పెడితే అదీ పోతుంది. లోపలే డ్రైవర్ ఉన్న మూడు నాలుగు వైర్ల కాయిళ్లను ఇలా ఓంలలో కొలవలేం. డీజిల్ ఈసీయూలో ఇంజెక్టర్లకు 60 వోల్టుల పైనే తయారవుతుంది, నడుస్తున్నప్పుడు ఆ వైర్ల మీద చేయి, టెస్ట్ ల్యాంపు రెండూ పెట్టకూడదు.

వేడికి మాత్రమే ఆగే ఈసీయూను టేబుల్ మీద హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వేడిచేసి, ఆగగానే ఫ్రీజ్ స్ప్రేతో ఒక్కో భాగాన్నీ చల్లబరిస్తే పగిలిన సోల్డర్ ఎక్కడో తెలుస్తుంది. మూత విప్పాక లోపల సిలికాన్ జెల్లు, దాని కింద వెంట్రుకల్లాంటి అల్యూమినియం తీగలు ఉన్న సిరామిక్ బోర్డు కనిపిస్తే మాత్రం ముట్టుకోకుండా మూసేయండి. ఆ తీగలు తెగితే మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో అతికేవి కావు.

మార్చక తప్పదనుకుంటే ముందు పాతదాని ఫ్లాష్, ఈఈప్రామ్ మెమరీలు రెండూ చదివించి దాచుకోండి. ఇమ్మొబిలైజర్ సమాచారం, డీజిల్‌లో ఇంజెక్టర్ కోడ్‌లు ఉండేది వాటిలోనే. ఆటోనగర్‌లో దొరికే సెకండ్ హ్యాండ్ ఈసీయూ కొనేటప్పుడు మోడల్ పేరు కలిస్తే చాలదు. డబ్బా మీది హార్డ్‌వేర్ నంబరు అంకె అంకె కలవాలి. బాష్ కంపెనీ డబ్బాల మీద 0 261 తో మొదలైతే పెట్రోల్, 0 281 అయితే డీజిల్. నంబరు కలిసినా పాతదాని సమాచారం అందులోకి ఎక్కించకపోతే మీ తాళం దానికి తెలియదు. "ఊరికే పెట్టి చూద్దాం" అని ఇంకో బండి ఈసీయూ తగిలిస్తే కొన్ని మోడళ్లలో ఇమ్మొబిలైజర్ దాన్ని ఆ బండికే కట్టేసుకుంటుంది, తిరిగి ఇచ్చేటప్పుడు గొడవ.

బిగించాక కంపెనీ చెప్పిన పద్ధతిలో త్రాటిల్ లెర్నింగ్, అంటే త్రాటిల్ స్థానాలను ఈసీయూకు నేర్పడం, చేయించండి, లేకపోతే ఐడ్లింగ్ కుదురుగా ఉండదు. డీజిల్ అయితే ఇంజెక్టర్ల మీద ఉన్న కోడ్‌లు ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్‌కు స్కానర్‌లో సరిచూసుకోవాలి. తర్వాత ఇంజను నడుస్తుండగా, హెడ్‌లైట్లు, ఏసీ వేసి, బ్యాటరీ దగ్గర చార్జింగ్ కొలవండి. చాలా బండ్లలో 13.8 నుంచి 14.7 మధ్య ఉంటుంది, స్మార్ట్ చార్జింగ్ ఉన్నవాటిలో కాస్త అటూ ఇటూ మారుతుంది. 15 దాటుతుంటే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పోయింది. దాన్ని బాగుచేయించేదాకా ఆ బండిని నడపొద్దు.